జార్జ్ బారో

జార్జ్ బారో (1853 - 1932) బ్రిటన్‌కు చెందిన ప్రముఖ భూగర్భ శాస్త్రవేత్త. రూపాంతర శిలలలోని ఖనిజాలను బట్టి ఆ శిలలు గతంలో ఎంత వేడికి గురి అయ్యాయో గుర్తించే పద్ధతికి ఇతడు పునాది వేశాడు.

ఉద్యోగ జీవితం

బారో యౌవనంలో, అగ్నిపర్వతాలపై పరిశోధనలు చేసిన జార్జ్ పౌలెట్ స్క్రోప్ వద్ద కార్యదర్శిగా పనిచేశాడు. 1876లో బ్రిటిష్ భూగర్భ సర్వే శాఖలో చేరి, మొదట యార్క్‌షైర్ ప్రాంతంలోను, తరువాత స్కాట్లండ్ హైలాండ్స్‌లోను శిలాపటాలు తయారు చేశాడు.

పరిశోధన

హైలాండ్స్ ఆగ్నేయ భాగంలోని శిలలు చాలావరకు ఒకప్పటి బంకమట్టి నిక్షేపాలే. వాటి మధ్య కనిపించే తేడాలకు మూల పదార్థంలోని తేడాలే కారణమని అప్పట్లో పలువురు భావించేవారు. బారో మాత్రం ఒకే రకమైన శిలను మైళ్ళ కొద్దీ అనుసరించి వెళ్ళి, దారి పొడవునా అందులోని ఖనిజాలు ఒక క్రమంలో మారుతున్నట్లు గమనించాడు. 1893లో స్టారోలైట్, కయనైట్, సిల్లిమనైట్ మండలాలను పటంలో గుర్తించి ప్రకటించాడు. 1912లో తక్కువ వేడికి లోనైన మండలాలను కూడా చేర్చాడు. 1925లో సి.ఇ. టిల్లీ ఈ పనిని విస్తరించాడు. నేడు క్లోరైట్, బయోటైట్, గార్నెట్, స్టారోలైట్, కయనైట్, సిల్లిమనైట్ అనే ఈ వరుసను బారో మండలాలు అంటారు.

కయనైట్, సిల్లిమనైట్‌ల రసాయన సంఘటనం ఒకటే. స్ఫటిక నిర్మాణం వేరు. మొదటిది అధిక పీడనంలోను, రెండవది అధిక ఉష్ణోగ్రతలోను స్థిరంగా ఉంటాయి. శిల చల్లబడిన తరువాత కూడా ఇవి చాలావరకు మారకుండా మిగిలిపోవడం వలన, ఆనాటి పరిస్థితులకు సాక్ష్యంగా నిలుస్తాయి.

పరిమితులు

ఈ వేడికి భూమి లోపల చొరబడిన గ్రానైటే కారణమని బారో భావించాడు. ఈ వివరణ నిలబడలేదు. సుమారు 47 కోట్ల సంవత్సరాల క్రితం అగ్నిపర్వత ద్వీపాల వరుస ఒకటి ఖండపు అంచును ఢీకొనగా భూపటలం మందమై, లోతుకు వెళ్ళిన శిలలు వేడెక్కాయని తరువాతి పరిశోధనలలో తేలింది. గార్నెట్ స్ఫటికాల వయస్సును రేడియోధార్మిక పద్ధతులతో లెక్కించి ఈ కాలాన్ని నిర్ధారించారు. కారణం మారినా బారో గీసిన మండలాల క్రమం మాత్రం చెక్కుచెదరలేదు.

గుర్తింపు

బారో సిద్ధాంతానికి ఆమోదం ఆలస్యంగా లభించింది. 1913లో లండన్ జియలాజికల్ సొసైటీ ఇతనికి మర్చిసన్ పతకం ప్రదానం చేసింది. ఇతడు 1932లో మరణించాడు. ఖనిజాలను సూచికలుగా గ్రహించే ఈ పద్ధతి నేడు అన్ని దేశాలలోను వాడుకలో ఉంది. తూర్పు కనుమలలోని ఖొండలైట్ శిలలలో గార్నెట్, సిల్లిమనైట్‌లు కలిసి ఉండటం, అవి ఒకప్పుడు భూమి లోతుల్లో తీవ్రమైన వేడికి లోనయ్యాయని తెలుపుతుంది.