అలన్ ట్యూరింగ్: యంత్రానికి తిరుగుదారి చూపిన గణితవేత్త

సికింద్రాబాదు స్టేషను పొరుగున నివసించే చిలకలగూడ వాసులకు ఒక సంగతి వివరించనక్కరలేదు. ముందుకు దారి లేని పట్టాపైకి చివరగా నెట్టిన పెట్టెయే మొదట వెలుపలికి వస్తుంది. కంప్యూటరు శాస్త్రంలో 'స్టాక్' అనబడే అమరిక ఇటువంటిదే. ఈ భావాన్ని తొలిదినాలలోనే యంత్రానికి అన్వయించిన మేధావి అలన్ ట్యూరింగ్.

ఆయన 1912 జూన్ 23న లండన్ నగరంలో జన్మించారు. తండ్రి జూలియస్ ఇండియన్ సివిల్ సర్వీసు అధికారి. పార్వతీపురం, అనంతపురం, బెజవాడ, కర్నూలులలో పనిచేసి ఛత్రపురం చేరినవారు. మాతామహుడు మద్రాసు రైల్వేలో ప్రధాన ఇంజనీరు. తలిదండ్రులు ఈ దేశంలో ఉండగా బాలుడు ఇంగ్లండులో పరుల ఇంట పెరిగాడు.

కేంబ్రిడ్జిలో విద్యనభ్యసించిన ట్యూరింగ్, యంత్రమేదీ పరిష్కరించజాలని సమస్యలు కూడ ఉన్నవని 1936లో నిరూపించారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్లెచ్లీ పార్కులో జర్మనుల ఎనిగ్మా సంకేతాలను ఛేదించడంలో ప్రముఖ పాత్ర వహించారు.

యుద్ధానంతరం, 1945 చివరలో, నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో 'ఏస్' కంప్యూటరుకు ప్రణాళిక రచించారు. ఒక పని నడుమ మరొకటి, దాని నడుమ వేరొకటి చేయవలసివచ్చినపుడు, ఎక్కడికి మరలిరావాలో యంత్రానికి ఎట్లా తెలుస్తుంది? తిరుగుస్థానాన్ని పూడ్చిపెట్టి, పని ముగియగానే త్రవ్వితీయాలని ఆయన నిర్దేశించారు. చివర పూడ్చినదే మొదట లభిస్తుంది. 1957లో జర్మనీలో బావర్, సామెల్సన్ పండితులు ఈ సూత్రానికే పేటెంటు కోరారు.

నేడు సి ప్లస్ ప్లస్, జావా భాషల ప్రామాణిక లైబ్రరీలలో స్టాక్ సిద్ధంగా లభిస్తుంది. 'పుష్' పైన ఉంచుతుంది, 'పాప్' పైదానిని తొలగిస్తుంది. సి ప్లస్ ప్లస్‌లో పాప్ ఆ విలువను చేతికివ్వదు. ముందే 'టాప్' ద్వారా గ్రహించాలి. ఖాళీ స్టాక్‌పై పాప్ చేస్తే ఏమగునో ఆ భాష హామీ ఇవ్వదు. కనుక విద్యార్థులు ముందు 'ఎంప్టీ'తో పరీక్షించుకోవడం శ్రేయస్కరం.

దేశానికి ఇంతటి సేవ చేసిన వ్యక్తిని, స్వలింగ సంబంధాన్ని నేరంగా ఎంచిన నాటి చట్టం 1952లో దోషిగా నిలబెట్టింది. చెరసాలకు బదులు హార్మోను చికిత్సకు ఆయన లోబడవలసివచ్చింది. ప్రభుత్వ రహస్య కార్యాల ద్వారాలు మూతబడ్డాయి. 1954 జూన్ 7న, నలభైరెండేళ్ళు నిండకుండానే, సైనైడు విషంతో మరణించారు. అది ఆత్మహత్యయని విచారణ తేల్చింది. రాజక్షమాభిక్ష 2013లో గాని రాలేదు.

యంత్రానికి మరలివచ్చే దారి చూపినవానికి సమాజం ఆ దారిని మిగల్చలేదు. విద్యార్థులు ఆయన సూత్రంతోపాటు ఈ అన్యాయాన్ని కూడ జ్ఞాపకముంచుకొందురుగాక. తనవంటివాడు కాడని ఎవరినైనా త్రోసివేసే ముందు, ఆ త్రోసివేతలో తాను కోల్పోయేదేమిటో ప్రతి సమాజమూ యోచించవలసియున్నది.