జైహింద్ సలాము: ఆబిద్ హసన్ సఫ్రానీ

బడిలోనూ, పోలీసు పరేడులోనూ మనం జైహింద్ అంటుంటాం. ఆ మాటను సిపాయిల సలాముగా చేసినవారు హైదరాబాదు ముస్లిం ఒకరని మన పిల్లల్లో ఎందరికి తెలుసు? వారే జనాబ్ ఆబిద్ హసన్ సాహెబ్. అంతకు ముందే చెంపకరామన్ పిళ్ళై గారు ఆ మాట అన్నారని చెప్పేవారూ ఉన్నారు. అననీయండి, సైన్యం నోట పలికించింది మాత్రం హసన్ సాహెబే.

వారు 1911లో హైదరాబాదులో పుట్టారు. అసలు పేరు జైనుల్ ఆబిదీన్ హసన్. తల్లిగారికి తెల్లదొరల పొడ గిట్టదు. అందుకే ఇంజనీరింగు చదువుకు కొడుకు ఇంగ్లండు పోలేదు, జర్మనీ పోయారు.

1941లో నేతాజీ ఒర్లాండో మజోట్టా అనే ఇటలీ పేరుతో, మారువేషంలో బెర్లిన్ చేరారు. హసన్ సాహెబ్ చదువు పక్కనపెట్టి ఆయనకు కార్యదర్శిగా కుదిరారు. ఉత్తర ఆఫ్రికా యుద్ధంలో జర్మనులకు పట్టుబడ్డ మన సిపాయిలతో అక్కడ ఆజాద్ హింద్ దళం లేచింది. అందులోంచి ఏరిన కొందరికి మెసెరిట్జ్ అనే చోట వైర్‌లెస్సు, పేలుడు మందు, పారాచూటు వంటి వేగు పనులు నేర్పారు.

బ్రిటిషు సైన్యంలో సిక్కులు ఒక కంపెనీ, ముస్లిములు ఒక కంపెనీ, ఇలా విడదీసే పద్ధతి ఉండేది. ఈ దళంలో అందరినీ కలిపేశారు. కలిపితే అయిందా? ఎదురుపడితే ఒకడు రామ్ రామ్ అంటాడు, ఒకడు సలామలైకుం, ఇంకొకడు సత్ శ్రీ అకాల్. అందరికీ ఒకే పలకరింపు కావలసివచ్చింది. హసన్ సాహెబ్ ముందు జై హిందుస్తాన్ కీ అని చూసి, పొడుగైందని జైహింద్‌గా కుదించారు. చేతి బిళ్ళ మీద మూడు రంగుల నడుమ దూకే పులిని వేశారు. చూస్తే టిప్పు సుల్తాన్ గుర్తుకు రాకమానడు.

జెండా దగ్గర పేచీ పుట్టింది. కాషాయమని హిందువులు, ఆకుపచ్చ అని ముస్లిములు పట్టుబట్టారు. చివరికి హిందువులే పట్టు వదిలారు. గెలిచామని మనవాడు మీసం మెలెయ్యలేదు. వాళ్ళు వదులుకున్న రంగును తన పేరులో చేర్చుకుని ఆబిద్ హసన్ సఫ్రానీ అయ్యారు. సఫ్రానీ అంటే కాషాయపు అని.

1943 ఫిబ్రవరిలో నేతాజీ వెంట జర్మన్ జలాంతర్గామి ఎక్కారు. తోడు ఆయన ఒక్కరే. లోపలంతా డీజిలు కంపు, రొట్టెకూ అదే వాసన. హసన్ సాహెబ్ ఎక్కడో బియ్యం, పప్పు వెతికి పట్టుకుని నేతాజీకి మన తిండి పెట్టించారు. ఏప్రిల్ ఆఖరులో, మడగాస్కర్ దాపున, పోటెత్తిన సముద్రంలో రబ్బరు తెప్ప మీద తడిసి ముద్దై జపాను జలాంతర్గామిలోకి మారారు. మన కొండకర్ల ఆవలో, నిలకడ నీళ్ళలో, తాటి దోనె ఎక్కితేనే గుండె దడదడమంటుంది కదా! మే నెలలో సుమత్రా ఒడ్డున దిగారు.

తరువాత ఆజాద్ హింద్ ఫౌజులో మేజరుగా 1944లో ఇంఫాలు పోరులో ఉన్నారు. ఓడి, ఆకలితో, జ్వరాలతో బర్మా అడవుల్లో వెనుదిరిగిన ఆ సిపాయిల గురించి తరువాత వ్రాశారు కూడా. యుద్ధం ముగిశాక ఖైదు. స్వరాజ్యం వచ్చాక విదేశాంగ కొలువులో చేరి, డెన్మార్కు వంటి దేశాల్లో రాయబారిగా పనిచేసి, 1969లో విరమించి హైదరాబాదు చేరారు. 1984లో కన్నుమూశారు.

వారి అన్నదమ్ముల బిడ్డ సురయ్యా హసన్ గారు నేతాజీ అన్నగారి కుమారుడిని పెళ్ళాడారు. హిమ్రూ, మష్రూ నేతలకు మళ్ళీ ప్రాణం పోసిన ఆమె, హైదరాబాదులో నేతపనివారి పిల్లల కోసం బడి పెట్టి దానికి సఫ్రానీ పేరే పెట్టారు.