మహావక్త డెమాస్తనీసు

ఏటేట వక్తృత్వపు పోటీల దినమున వేదిక నెక్కి, మొదటి వాక్యము పలికి, రెండవది మరచి, కాళ్లు వణకుచుండ దిగివచ్చు బాలుర నెందరినో మేము చూచియున్నాము. వారిలో కొందరు ఇక సభలో ఎన్నడును నోరు విప్పమని శపథము చేసికొందురు. అట్టివారి నిమిత్తమై ఈ సంవత్సరము ఒక ప్రాచీన గ్రీకు వక్త చరిత్రమును వ్రాయనెంచితిమి.

డెమాస్తనీసు క్రీ. పూ. 384వ సంవత్సరమున ఏథెన్సు నగరమున జన్మించెను. తండ్రి ధనవంతుడు, కత్తులు చేయించు కర్మశాల ఆయనకు గలదు. ఆస్తి యంతయు సుమారు 14 టాలెంటులు. కుమారునికి ఏడేండ్ల ప్రాయమున ఆయన గతించెను. సంరక్షకులుగా నియమింపబడిన ముగ్గురును, అందులో ఇద్దరు దగ్గర బంధువులే యయ్యును, ఆ ధనమును దిగమ్రింగిరి. ఉపాధ్యాయుల జీతములు సైతము ఎగగొట్టిరట! బాలుడా బక్కపలుచనివాడు. తల్లి వానిని వ్యాయామశాలకు పంపుటకు జంకెడిది. తోడి బాలురు ఎగతాళి పేరు పెట్టి పిలిచెడివారు. యుక్తవయస్సు వచ్చిన పిమ్మట వాని చేతికి దక్కినది ఆస్తిలో ఇంచుమించు పండ్రెండవ వంతు మాత్రమే.

ఏథెన్సు న్యాయస్థానములలో మనవలె ప్లీడరును నిలుపుకొను ఆచారము లేదు. వాది తన నోటితో తానే వాదించుకొనవలెను. కావున ఈ యువకునికి వాక్కు అలంకారము కాదు, అన్నపు మాట. అతడు ఐసేయుసు అను న్యాయనిపుణుని యొద్ద శిక్ష పొంది, ఇరువదియేండ్ల ప్రాయమున సంరక్షకునిపై వ్యాజ్యెము వేసి గెలిచెను. తీర్పు వచ్చినది గాని, ధనము మాత్రము స్వల్పముగనే చేతికందెను.

గెలుపుచే ధైర్యము హెచ్చి ప్రజాసభలో నిలిచి మాటలాడబోగా, జనులు పకపక నవ్విరి. కంఠము సన్నము, ఊపిరి చాలదు, దీర్ఘవాక్యములు ఒకదానితో నొకటి చిక్కుపడి అర్థమే తోచదు. తాను నేర్చిన శాస్త్రము పేరులోని తొలి యక్షరమగు రకారమే వాని నాలుకకు తిరిగెడిది కాదట. ముఖమున వస్త్రము కప్పుకొని ఇంటికి పోవుచుండగా సాటిరుసు అను నటుడు వెంట వచ్చెను. తాను ఇంత శ్రమపడినను తన్ను వినువారు లేరనియు, త్రాగుబోతులు మాటలాడినను జనులు విందురనియు డెమాస్తనీసు మొరపెట్టుకొనెను. నటుడు ఓదార్పలేదు. ఒక నాటక భాగమును చదువుమని వానిచే చదివించి, పిదప అదే భాగమును తాను చదివి వినిపించెను. రెండింటి భేదమును విన్నంతనే యువకునికి తన లోపమెచ్చటనున్నదో తెలిసిపోయెను.

తరువాతి కథ మీరెల్లరు ఎరిగినదే. నోట గులకరాళ్లుంచుకొని పలుకుట, ఎత్తుప్రదేశముల నెక్కుచు ఒక్క ఊపిరితో వాక్యములు చెప్పుట, సముద్రపు హోరునకు ఎదురుగా నిలిచి ఉపన్యసించుట, నిలువుటద్దము నెదుట అభినయము దిద్దుకొనుట. (మా చిన్న తరగతులవారు రాళ్ల ప్రయోగము చేయకుందురు గాక, మ్రింగినచో వైద్యుని పిలువవలసి వచ్చును!) అయినను మా అభిప్రాయమున రాళ్లకంటె ముఖ్యమైనది మరియొకటి గలదు. అతడు భూగృహము నొకదానిని కట్టించుకొని, బయటికి పోవ సిగ్గగునట్లు తల సగము గొరిగించుకొని, రెండుమూడు నెలలు అందే యుండి సాధన చేసెడివాడని ప్లూటార్కు వ్రాసెను. ఎవరితో సంభాషించినను, ఏ వ్యవహారము విన్నను, ఆ గృహమునకు దిగి, ఆ విషయమంతయు వరుసగా తనకు తానే చెప్పుకొని, ఇరుపక్షముల వాదములను కూర్చుకొని, ఇతరుల ఉపన్యాసములను వేరు మాటలతో తిరిగి చెప్పి చూచుకొనెడివాడు. సిద్ధము కాని దినమున జనులు పేరెత్తి పిలిచినను లేచెడివాడు కాడు. వాని వాదములు దీపపు వత్తి వాసన కొట్టుచున్నవని ప్రత్యర్థులు వెక్కిరించిరి. సిద్ధపడి వచ్చుట ప్రజలను గౌరవించుటయే యని వాని తలంపు.

అభ్యాసముచే భయము నిశ్శేషముగా పోయెనని అనుకొనరాదు. క్రీ. పూ. 351లోనే మాసిడోనియా రాజగు ఫిలిప్పుపై ప్రసిద్ధోపన్యాసము చేసిన ఈ వక్త, 346లో రాయబారిగా పోయి ఆ రాజు ఎదుటనే నిలిచినపుడు, నాలుగు మాటలాడి ఆగిపోయెనట. ఫిలిప్పు ధైర్యము చెప్పినను గొంతు పెగలలేదట. ఇది వాని శత్రువగు ఎస్కినీసు చెప్పిన కథ; కొంత తగ్గించి నమ్మవలెను.

క్రీ. పూ. 339లో ఫిలిప్పు ఎలతియాను పట్టుకొనెనను వార్త రాత్రివేళ ఏథెన్సునకు వచ్చెను. తెల్లవారగనే సభ కూడెను. ఎవరు మాటలాడెదరని దండోరావాడు పలుమార్లు అడిగినను సేనానులు లేవలేదు, వక్తలు లేవలేదు. అప్పుడు లేచినవాడు డెమాస్తనీసు. చిరకాల విరోధులగు థీబ్సువారితో పొత్తు కుదుర్పవలెనని బోధించి, తానే రాయబారియై పోయి సాధించెను. అయినను మరుసటి సంవత్సరము కెరోనియా రణమున ఏథెన్సువారు వేయిమంది కూలిరి, రెండువేలమంది చెరపడిరి. వక్త స్వయముగా ఆ యుద్ధమున పారిపోయెనని ప్లూటార్కు వ్రాసెను. ఈ మచ్చను మేము దాచము. ఐనను మృతవీరులను స్తుతించు ఉపన్యాసమునకు పౌరులు వానినే ఎన్నుకొనిరి. వానికి స్వర్ణకిరీట మీయవలెనన్న తీర్మానముపై ఎస్కినీసు వేసిన వ్యాజ్యెము 330లో విచారణకు రాగా, ఓడిపోయిన కార్యమును సమర్థించుచు చేసిన ఆ ప్రసంగమునకు ఎదుటివానికి అయిదవ వంతు సమ్మతులైనను రాలేదు. ఎస్కినీసు నగరమునే విడిచిపోయెను.

తరువాత లంచము పుచ్చుకొనెనను నేరముపై 50 టాలెంటుల జరిమానా పడగా డెమాస్తనీసు దేశాంతరగతుడయ్యెను. 323లో అలెగ్జాండరు మరణింపగా పౌరులు గౌరవముతో మరల పిలిపించిరి. గ్రీకుల తిరుగుబాటు విఫలము కాగా అంటిపాతరు సేన వానిని వెదకవచ్చెను. వాని నొకనాడు నిలువబెట్టినది ఒక నటుడు. ఇప్పుడు తరిమి వచ్చిన ఆర్కియాసు అనువాడును పూర్వము నటుడే. కలౌరియా ద్వీపమున పొసైడను ఆలయములో చిక్కి, ఇంటికి జాబు వ్రాసికొందునని చెప్పి, లోపలికి పోయి కలమును నోట బెట్టుకొని కొరికెను. ఆలోచించి వ్రాయునపుడు అట్లు కొరుకుట వానికి చిరకాలపు అలవాటు. తల కప్పుకొని వంగియున్న వానిని చూచి ద్వారమున నున్న భటులు పిరికివాడని నవ్విరి. ఆ కలములో విషమున్నదని వారెరుగరు. కొంతసేపటికి అతడు లేచి, తన్ను పట్టుకొనుడని, వణకు కాళ్లతో బలిపీఠమును దాటి నడచి, అచ్చటనే ఒరిగిపోయెను.