ఇంగితవేది తిక్కన సోమయాజి

క్రీ.శ. 13వ శతాబ్దంలో విక్రమసింహపురి, అనగా నేటి నెల్లూరు, రాజధానిగా తెలుగుచోడులు పాలించిన కాలంలో తిక్కన వర్ధిల్లాడు. తాత మంత్రి భాస్కరుడు. తల్లిదండ్రులు అన్నమ, కొమ్మన. ఈ వంశవృత్తాంతం ప్రధానంగా కేతన తన దశకుమారచరిత్రను తిక్కనకు అంకితమిస్తూ చెప్పినందువల్ల మనకు దక్కింది. కావ్యకర్తయే మరొక కావ్యానికి కృతిభర్త కావడం ఆ యుగంలో అరుదైన గౌరవం.

ఎదుటివారి ఆకారచేష్టలను బట్టి వారి ఆంతర్యాన్ని గ్రహించడాన్ని ప్రాచీనులు ఇంగితజ్ఞత అన్నారు. మంత్రికీ దూతకూ ఇది ప్రథమలక్షణం. మనుమసిద్ధి ఆస్థానంలో మంత్రిగా ఉన్న తిక్కనకు ఈ గుణం నిత్యావసరమైంది. ఆ రాజు అతనిని మామ అని సంబోధించేవాడు. ఆ వరుసను ఆధారం చేసుకొనే, భారతీకన్యను తనకు ఇమ్మని రాజు చమత్కారంగా కోరాడు. కోరిక కావ్యాంకితమని గ్రహించిన తిక్కన నిర్వచనోత్తరరామాయణాన్ని ఆయనకు సమర్పించాడు.

ఇంతటి చనువుగల ప్రభువు దాయాదులైన అక్కన, బయ్యనల చేత రాజ్యభ్రష్టుడు కాగా తిక్కన ఓరుగంటికి దౌత్యం వెళ్లాడని కాసె సర్వప్ప సిద్ధేశ్వరచరిత్రం చెబుతుంది. అది తరువాతి కాలపు గ్రంథం. అందులోని సభావాదాల వర్ణనలో అతిశయోక్తి ఉండవచ్చు. అయితే కాకతి గణపతిదేవుడు (పాలన 1199–1262) మనుమసిద్ధికి తోడ్పడి సింహాసనం మరల ఇప్పించాడన్నది చరిత్రకారులు అంగీకరించిన విషయం. సింహాసనం కోల్పోయిన రాజు పక్షాన వచ్చిన దూతకు ఇచ్చుకొనడానికి ఏమీ ఉండదు. చక్రవర్తి మనస్సు ఎటు మొగ్గుతుందో తెలిసికొని మాటాడడమే అతని సాధనం. తిక్కన ఆ సభలో భారతకథ వినిపించాడన్న ఐతిహ్యం ఈ దృష్టితో చూస్తే సహజంగానే తోస్తుంది.

ఇంగితజ్ఞత అన్ని కలహాలనూ ఆపలేదు. పుల్లరి తగవు కాటమరాజుతో యుద్ధంగా పరిణమించి, తిక్కన జ్ఞాతిసోదరుడు ఖడ్గతిక్కన అందులో నిహతుడయ్యాడని గాథ.

తిక్కన భారతాన్ని విరాటపర్వంతో ఆరంభించి పదునైదు పర్వాలు రచించి హరిహరనాథునికి అంకితమిచ్చాడు. అరణ్యపర్వశేషాన్ని విడిచి విరాటంతో మొదలిడడానికి విమర్శకులు పలు కారణాలు చెప్పారు. కారణమేదైనా, ఆ పర్వం ఈ మంత్రికవికి తగిన వస్తువు. అందులో ప్రధానపాత్రలన్నీ తమ స్వరూపాన్ని దాచుకొని మెలగుతాయి. సుదేష్ణ మద్యం తెమ్మని పంపినపుడు ఆ ఆజ్ఞ వెనుక కీచకుని కోరిక ఉన్నదని ద్రౌపది ఎరుగును. ఆమె ఎరుగునని సుదేష్ణకూ తెలుసు. అయినా రాణి ఆజ్ఞ మారదు, దాసి వెళ్లక తప్పదు. కీచకుడు సభలో ద్రౌపదిని తన్నినపుడు భీముని చూపు సమీపవృక్షం మీద నిలుస్తుంది. కంకుభట్టు వేషంలోని ధర్మరాజు, వంటవానికి కట్టెల విషయం చెబుతున్నట్లుగా మాటాడి అతనిని వారిస్తాడు. సభ్యులకు అది వంటచెరకు ముచ్చట. భీమునికి అన్నగారి శాసనం. సంస్కృతమూలంలోనూ ఉన్న ఈ ఘట్టాన్ని తిక్కన చూపులతో, ముఖవికారాలతో నింపి నాటకంగా మార్చాడు. పాత్ర కోపించిందని కవి చెప్పడు. కోపాన్ని అణచుకొనే ప్రయత్నాన్ని చూపుతాడు. ఓరుగంటి సభను చూచినవాని కన్ను ఇందులో కనబడుతుందనడం సాహసం కాదు.

ఉద్యోగపర్వంలో పరీక్ష మరింత కఠినం. సంజయుని మృదువచనాలలో ధృతరాష్ట్రుని లోభాన్ని ధర్మరాజు పసిగడతాడు. శ్రీకృష్ణుని బంధింపదలచిన దుర్యోధనాదుల తలపును సాత్యకి పసిగట్టి హెచ్చరిస్తాడు. ఇందరు ఇన్ని విధాల తెలిసికొన్నా సంధి కుదరదు. దౌత్యం విఫలమైన పిదప కృష్ణుడు కర్ణునికి అతని జన్మరహస్యం చెప్పి పాండవపక్షానికి పిలుస్తాడు. కర్ణునికి ఆ సంగతి ముందే తెలుసు. రాధ పెంచిన మమత, దుర్యోధనుడు చూపిన ఆదరం అతనిని కదలనీయవు. అతడు కృష్ణుని కోరేది ఒక్కటే: ఈ సంగతి ధర్మరాజు చెవిని పడనీయవద్దని. తెలిస్తే ధర్మరాజు రాజ్యాన్ని తనకు వదలివేస్తాడని, తాను దానిని దుర్యోధనునికి అప్పగించవలసివస్తుందని కర్ణునికి తెలుసు.