పేరునకు చోటు చూపిన పండితుడు: అలాంజో చర్చ్

గణకయంత్రములు పుట్టకమునుపే వానికి పనికివచ్చు నియమములను వ్రాసిన అలాంజో చర్చ్ పండితుని చరిత్రమును మా విద్యార్థులకు తెలుపగోరుచున్నాము. ఆయన 1903 జూన్ 14న అమెరికాలోని వాషింగ్టన్ నగరమున జన్మించెను. తండ్రి న్యాయాధిపతి. ఉన్నత పాఠశాలలో నుండగా గాలితుపాకి ప్రమాదమున చర్చ్‌కు ఒక కన్ను పోయినది. అయినను ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున 1927లో డాక్టరు పట్టమునంది, 1929 మొదలు 1967 వరకు అచటనే బోధించెను.

ఆయన కీర్తికి మూలము లాంబ్డా కలనము. అనగా ప్రమేయములను నిర్మించి ప్రయోగించుటకొక వ్రాతపద్ధతి. 1932లో ప్రకటించిన తొలిరూపమున వైరుధ్యము కలదని 1935లో ఆయన శిష్యులైన క్లీనీ, రాసర్‌లే నిరూపించిరి. చర్చ్ అందలి నిర్దోషభాగమును నిలుపుకొని, తర్కసూత్రములన్నిటిని పరీక్షించి సిద్ధించునో లేదో తేల్చగల యాంత్రిక పద్ధతి లేదని 1936లో చూపెను. వేరొక మార్గమున అదే ఫలితమును చేరిన ట్యూరింగ్, పిదప చర్చ్ వద్దనే పరిశోధించి 1938లో పట్టమునందెను.

ఆ కలనమున ఒక నియమము ముఖ్యము. ప్రమేయము తనలో బంధించుకొన్న చలరాశి పేరును మార్చినను అర్థము మారదు. 'క'కు ఒకటి కలుపుమనినను, 'గ'కు ఒకటి కలుపుమనినను ఫలమొక్కటే. క్రొత్తపేరు అందున్న మరొక పేరుతో కలిసిపోకుండిన చాలును. ఎనిమిదవ తరగతిలో రామునిపేర పిలిచిన ఆ తరగతి రాముడే పలుకును గదా!

1958లో లిస్ప్ అను యంత్రభాషను ఆరంభించిన జాన్ మెకార్థీ లాంబ్డా గుర్తును గైకొనెను. అందలి 'ఇవాల్' అను ప్రమేయమునకు లెక్కింపవలసిన దానితోపాటు పేర్ల పట్టికయు నీయవలసియుండెను. ఈ పట్టిక ఏల? ప్రమేయమున క విలువ 5 అనుకొందము. "క + 1" అను అక్షరపంక్తినిచ్చి లెక్కింపుమన్నచో యంత్రము 6 అనును. చర్చ్ నియమమును నమ్మి ప్రమేయమందలి క నంతటిని గ గా మార్చితిమనుకొనుడు. ఉల్లేఖన చిహ్నముల లోపలి క మాత్రము మారదు. అది అప్పటికి పేరు కాదు, వట్టి అక్షరము. లెక్కించు క్షణముననే పేరగును. అపుడు క దొరకక యంత్రము ఆగిన మేలే. వెలుపల 50 విలువగల వేరొక క యున్నచో, ఏ హెచ్చరికయు లేక 51 అని చెప్పును! దోషము చర్చ్‌ది కాదు. ఆయన నియమము పదములకేగాని చిహ్నముల మధ్య దాగిన వ్రాతకు వర్తింపదు. పైథాన్ భాషలోని ఇవాల్‌కు సయితము పేర్ల పట్టికను వెంట నీయవచ్చును.

చర్చ్ 1967లో కాలిఫోర్నియాకు మారి, లాస్ ఏంజెలెస్ విశ్వవిద్యాలయమున 1990 వరకు బోధించెను. 1995 ఆగస్టు 11న ఒహాయో రాష్ట్రమందలి హడ్సన్‌లో, 92 యేండ్ల వయసున, పరమపదించెను.