పత్రికే రెండో బడి: సురవరం ప్రతాపరెడ్డి గారి జీవితం

మన బడిలో పొద్దున ప్రార్థన అయ్యాక ఒక పిల్లవాడు ముందుకొచ్చి పేపరులోని ముఖ్య వార్తలు చదివేవాడు. నోరు తిరగని మాట వస్తే సారు అక్కడే ఆపి, దాని అర్థం అడిగేవారు. ఆ రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి.

ఆ అలవాటే తర్వాత నన్ను ఒడ్డున పడేసింది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి ఇంజనీరింగులో చేరితే, మొదటి ఏడాది క్లాసులో చెప్పేది సగం తలకెక్కేది కాదు. ప్రశ్న అర్థంకాక, చేయగలిగిన లెక్కను కూడా పరీక్షలో వదిలేసి వచ్చాను. ఇంటికి వెళ్లిపోదామనిపించింది. అప్పుడు హాస్టల్ రీడింగు రూములో ఇంగ్లీషు పేపరు పట్టుకున్నాను. ముందు తెలుగు పేపరులో ఒక వార్త చదివి, అదే వార్తను ఇంగ్లీషులో వెతికేవాణ్ని. సంగతి ముందే తెలుసు కనుక మాట తనంతట తానే విడిపోయేది. రోజుకు ఐదు మాటలు, అవి వచ్చిన వాక్యంతో సహా నోటుబుక్కులో రాసుకునేవాణ్ని. ‘అలెజ్డ్’ అని ఉంటే అది ఆరోపణే, ఇంకా రుజువు కాలేదని తెలిసింది అలాగే.

పేపరుతో మనిషికి మాట నేర్పవచ్చన్న సంగతిని నాకంటే అరవై ఏళ్ల ముందే మన తెలంగాణలో చేసి చూపించిన పెద్దాయన సురవరం ప్రతాపరెడ్డి గారు. అందుకే ఈ స్వర్ణోత్సవ సంచికలో ఆయన గురించి రాస్తున్నాను.

ప్రతాపరెడ్డి గారు 1896 మే 28న పాలమూరు జిల్లా బోరవెల్లిలో పుట్టారు. కర్నూలులో చదువుతూ వెల్లాల శంకరశాస్త్రి గారి దగ్గర సంస్కృతం నేర్చుకున్నారు. హైదరాబాదు నిజాం కాలేజీలో ఇంటర్, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో బి.ఏ. చదివి, ఆ పైన బి.ఎల్. కూడా పూర్తిచేశారు. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, పారశీకం, ఇంగ్లీషు ఆయనకు బాగా వచ్చు. కోరుకుంటే వకీలుగా హాయిగా బతకగలిగేవారు. కానీ కొత్వాల్ రాజబహదూర్ వెంకటరామారెడ్డి గారి ప్రోత్సాహంతో హైదరాబాదు రెడ్డి హాస్టల్ బాధ్యత తీసుకున్నారు. పల్లెల నుంచి వచ్చిన పిల్లల చదువు చూసుకుంటూ, అక్కడి గ్రంథాలయాన్ని పెంచారు.

అప్పటి పరిస్థితి ఇప్పటి పిల్లలకు చెప్పాలి. నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధన ఉర్దూలోనే. తెలుగు రైతు తన భూమి కాగితం తాను చదువుకోలేక ఇంకొకరిని బతిమాలుకోవాలి. తెలుగు పత్రికలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. 1922లో మన నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామనరసింహారావు గారి ‘నీలగిరి’, ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరుల ‘తెనుగు’ వచ్చాయి. ఏ పత్రికకైనా ఎక్కువకాలం నిలబడటం కష్టమైన రోజులవి.

1926 మే 10న ప్రతాపరెడ్డి గారు గోలకొండ పత్రిక ప్రారంభించారు. వారానికి రెండుసార్లు వచ్చేది. రాయడం, దిద్దడం, ప్రూఫులు చూడటం, ఉత్తరాలకు జవాబివ్వడం చాలావరకు ఆయన మీదే పడేది. ప్రభుత్వం కన్ను ఎప్పుడూ పత్రిక మీదే ఉండేది. అయినా ఆగలేదు. ఊళ్లో ఒకరు చదివితే పదిమంది వినే కాలమది. బడిలో దొరకని తెలుగు చాలామందికి ఆ పత్రికలో దొరికింది. 1947లో అది దినపత్రిక అయింది.

ఆయన పాఠకులను వినేవాళ్లుగానే ఉంచలేదు, రాసేవాళ్లను చేశారు. తెలంగాణలో కవులే లేరని ఒక రచయిత రాసినప్పుడు ఆయన వాదానికి దిగలేదు. పత్రిక ద్వారా ఊరూరి నుంచి కవుల వివరాలు, పద్యాలు తెప్పించారు. 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువడింది. అందులో 354 మంది కవులున్నారు. ఆ సంఖ్యే జవాబైంది. ఇంజనీరుగా నాకు ఇది మరీ నచ్చుతుంది. కొలిచి చూపిస్తే తగువు తీరిపోతుంది.

1930లో జోగిపేటలో జరిగిన మొదటి నిజామాంధ్ర మహాసభకు ఆయనే అధ్యక్షులు. 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వచ్చింది. రాజుల యుద్ధాల కథ కాదది. సుమారు వెయ్యేళ్లలో మనవాళ్లు ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారన్నది కావ్యాల్లోంచి, సామెతల్లోంచి ఏరి చెప్పారు. నిఘంటువు ‘ఒక ఆట’ అని చెప్పి వదిలేసిన మాటల దగ్గర కూడా ఆయన ఆగి, అసలు అర్థం కోసం వెతికారు. తెలియని మాటను దాటిపోకూడదన్నది నేను ఆయన నుంచి తీసుకున్న పాఠం.

1952లో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు. మరుసటి ఏడాది ఆగస్టు 25న కన్నుమూశారు. 1955లో తెలుగుకు వచ్చిన తొలి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి ఈ పుస్తకానికే దక్కింది. అందుకోవడానికి ఆయన లేరు.

ఇప్పుడు మన పిల్లల సంగతి. ఆనాడు ఉర్దూ కాగితం ముందు రైతు నిలబడ్డట్టే, ఈనాడు ఇంగ్లీషు పుస్తకం ముందు మన పానగల్ పిల్లలు నిలబడుతున్నారు. గడగడా చదువుతారు, అర్థమడిగితే తల దించుకుంటారు. తప్పు వాళ్లది కాదు. వాళ్లకు తెలిసిన సంగతి తెలియని భాషలో కనిపించాలి. ఉదయసముద్రం నిండిన వార్తను తెలుగులో చదివి, వెంటనే ఇంగ్లీషులో చదివితే, ‘ఇన్‌ఫ్లో’, ‘రిజర్వాయర్’, ‘స్టోరేజ్’ లాంటి మాటలను బట్టీ పట్టాల్సిన పని ఉండదు. చెరువు వాళ్ల కళ్లముందే ఉంది కదా.

మన సంఘానికి నా మనవి ఒక్కటే. ఈ ఉత్సవం గుర్తుగా బడికి రోజూ ఒక తెలుగు పేపరు, ఒక ఇంగ్లీషు పేపరు వేయిద్దాం. ప్రార్థన తర్వాత పాత పద్ధతిలోనే ఒక పిల్ల తెలుగులో, ఇంకో పిల్ల ఇంగ్లీషులో ఒకే వార్త చదవాలి. ఐదు మాటలు నల్లబల్ల మీద రాయాలి. మొదటి ఏడాది చందా నేను కడతాను. రెండో ఏడాదికి ఎవరు ముందుకొస్తారో ఉత్సవం రోజున వేదిక మీదే తేల్చుకుందాం.