దయ్యాలకు భయపడిన పిల్లవాడు

రాత్రిపూట కరెంటు పోయిందంటే మన హాస్టల్లో మొదలయ్యేది దయ్యం కథే. చెప్పేవాడికి గొంతు, వినేవాడికి దుప్పటి ఉంటే చాలు. అలాంటి కథలతోనే ప్రపంచమంతటా పేరు తెచ్చుకున్న ఒక మాస్టారి జీవితం ఇది. ఆయన పేరు లాఫ్కాడియో హెర్న్.

ఆయన 1850 జూన్ 27న గ్రీకు దీవి లెఫ్కాడాలో పుట్టారు. తల్లి గ్రీకు స్త్రీ, తండ్రి ఐర్లండుకు చెందిన మిలిటరీ డాక్టరు. రెండేళ్ల పిల్లవాడిని డబ్లిన్ తీసుకువెళ్లారు. అక్కడ ఇమడలేక తల్లి తన దేశం వెళ్లిపోయింది. మళ్లీ ఆమెను చూసే భాగ్యం కొడుక్కి కలగలేదు. తండ్రి వేరే పెళ్లి చేసుకుని ఉద్యోగం మీద ఎక్కడికి వచ్చాడనుకున్నారు? మన సికింద్రాబాదుకే! కొడుకును మాత్రం నాయనమ్మ వరసయ్యే ఒక ముసలావిడకు వదిలేశాడు. పిల్లవాడికి చీకటంటే భయం. ఆ భయం పోగొట్టాలని దీపం లేని గదిలో ఒంటరిగా పడుకోబెట్టి తలుపు వేసేవారట. భయం పోలేదు సరికదా, దయ్యాలు కనబడసాగాయి.

13 ఏళ్లకు ఇంగ్లండులో బోర్డింగ్ స్కూలు. 16 ఏళ్లప్పుడు ఆటలో దెబ్బ తగిలి ఎడమకన్ను పోయింది. జీవితాంతం ఫోటోల్లో ఆ వైపు కనబడకుండా తిరిగి నిలబడేవారు. ముసలావిడ ఆస్తి కూడా పోవడంతో చదువు ఆగిపోయింది. 1869లో అమెరికాలోని సిన్సినాటికి చేరారు. ఒక ప్రెస్సు యజమాని జాలిపడి చోటిస్తే, చిత్తుకాగితాల మీద పడుకునేవారు. 1872లో పత్రికా విలేఖరి అయ్యారు. 1874లో, పుట్టుకతో బానిస అయిన మాటీ అనే స్త్రీని పెళ్లాడారు. తెల్లవారూ నల్లవారూ పెళ్లి చేసుకోరాదని అక్కడి చట్టం. ఆ కారణంగా ఉద్యోగం ఊడింది. ఆ కాపురం కూడా నిలవలేదు. ఆ తరువాత న్యూ ఆర్లీన్సులో పదేళ్లు, మార్టినిక్ దీవిలో రెండేళ్లు.

1890లో జపాను చేరి మాత్సుయే పట్టణంలో ఇంగ్లీషు మాస్టారయ్యారు. అక్కడే సెత్సు పరిచయమైంది. ఆమెది చితికిపోయిన సమురాయ్ కుటుంబం. చిన్నతనంలోనే బడి మాని మగ్గం నేసింది. ఆమెకు ఇంగ్లీషు రాదు, ఈయనకు జపాను పుస్తకం చదవడం రాదు. ఇద్దరూ కలిసి తమకు మాత్రమే అర్థమయ్యే ముక్కల భాష ఒకటి తయారు చేసుకున్నారు. ఆమె పాతపుస్తకాల దుకాణాల్లో గాలించి తెచ్చి చదివి, రాత్రి దీపం తగ్గించి కథ చెప్పేది. పుస్తకం చూస్తూ చెప్తే ఆయన ఒప్పుకునేవారు కాదు. ఆమె సొంత మాటల్లోనే చెప్పాలి.

అలా వచ్చిందే చెవుల్లేని హోయిచి కథ. హోయిచి గుడ్డివాడు, బీవా అనే తంత్రీవాద్యం మీద యుద్ధగాథ పాడేవాడు. 1185లో దన్నోఉరా సముద్రయుద్ధంలో చచ్చిన వారి ఆత్మలు రోజూ రాత్రి అతన్ని పిలిపించుకుని పాడించుకునేవి. అతన్ని కాపాడాలని గుడి పూజారి ఒళ్లంతా మంత్రాక్షరాలు రాయించాడు. చెవుల మీద రాయడం మరిచిపోయారు. వచ్చిన దయ్యానికి గాలిలో రెండు చెవులే కనబడ్డాయి. వాటినే పీక్కుపోయింది.

ఈ కథ రాసే రోజుల్లో ఒక సాయంత్రం ఆయన దీపం పెట్టుకోక చీకట్లోనే కూర్చున్నారు. పక్కగదిలోంచి సెత్సు లోగొంతుకతో హోయిచీ అని పిలిచింది. ఆయన హోయిచిలాగే, నేను గుడ్డివాణ్ణి, మీరెవరు అని బదులిచ్చారట! చీకటంటే వణికిన పిల్లవాడేనా ఈయన అనిపిస్తుంది.

భార్యాపిల్లలకు హక్కులు దక్కాలని 1896లో జపాను పౌరుడై కోయిజుమి యాకుమో అని పేరు మార్చుకున్నారు. టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో 1903 దాకా పాఠాలు చెప్పారు. తీసేసినప్పుడు విద్యార్థులు ఒప్పుకోక ఆందోళన చేశారు. 1904లో హోయిచి, మంచుదయ్యం యుకి ఓన్నా కథలున్న 'క్వైదాన్' అచ్చయింది. ఆ ఏడాదే సెప్టెంబరు 26న గుండె జబ్బుతో, 54 ఏళ్లకు కన్నుమూశారు.

క్వైదాన్ అట్ట మీద సెత్సు పేరు లేదు. ఉండాల్సిందని నా అభిప్రాయం. ఆమె తరువాత తన జ్ఞాపకాలు చెప్పి అచ్చు వేయించింది కాబట్టే ఆ చీకటి గది ముచ్చట మనదాకా వచ్చింది.